ప్రామ్ రాత్రికి బండి: ఫ్రీమాంట్ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 2, 2025, ఆదివారం

మే 10 శనివారం మా అమ్మాయి వాళ్ళ స్కూలు ప్రామ్. పన్నెండో తరగతి పిల్లలకి బడి వదిలే ముందు జరిగే ఆఖరి పెద్ద వేడుక. ఈ ఏడాది హాలు శాన్ ఫ్రాన్సిస్కోలో, ఎంబార్కడెరో అనే ఒడ్డు రోడ్డు దగ్గర తీసుకున్నారు. మా ఫ్రీమాంట్ నుంచి దాదాపు నలభై మైళ్ళు. ఏదో ఒక వంతెన దాటాలి.

వెళ్ళే జట్టులో పన్నెండు మంది. తల్లిదండ్రులం నిన్న ఒకరింట్లో కూర్చున్నాం. బండి సంగతి నేను చూసుకుంటానని మాటిచ్చాను.

ఎవరో ఒక పిల్లవాడు కారు నడిపితే సరిపోదా అని ఒకాయన అడిగారు. సరిపోదు. మా అమ్మాయికి పదిహేడేళ్ళు, లైసెన్సు వచ్చింది మొన్న నవంబరులో. కాలిఫోర్నియాలో పద్దెనిమిది నిండని వాళ్ళు లైసెన్సు వచ్చిన మొదటి పన్నెండు నెలలు రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా ఒంటరిగా కారు నడపకూడదు, పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఇరవై ఏళ్ళ లోపు వాళ్ళని ఎక్కించుకోకూడదు. ప్రామ్ ముగిసేదే పదకొండింటికి. ఊబర్ మామూలు ఖాతాతో పద్దెనిమిది నిండని పిల్లలు పెద్దలు లేకుండా ఎక్కడానికి లేదు. మేం నలుగురం నాలుగు కార్లలో దింపి రావచ్చు. కానీ అందరూ ఒకే బండిలో వెళ్ళడమే ఈ పిల్లలకి సగం పండగ. అది తీసేస్తే ఇక ప్రామ్‌లో మిగిలేది హాలూ భోజనమూను. డ్రైవరుతో సహా బండి అద్దెకు తీసుకోవాలని ఖాయం చేశాం.

ఫిబ్రవరి 9

పొద్దున నాన్నకి ఫోన్ చేశాను. నాన్న తెనాలి స్టేషన్ దగ్గర టాక్సీ స్టాండులో ముప్పై ఏళ్ళు అంబాసిడర్ నడిపారు. మనవరాలు ఏదో డాన్సుకి వెళ్తోందట, దానికి పెద్ద కారు మాట్లాడుతున్నావట అని నవ్వుతూనే మొదలుపెట్టి, వెంటనే అడిగారు: "డ్రైవరెవరమ్మా?"

ఇంకా బండే మాట్లాడలేదు నాన్నా అన్నాను.

"బండి ఏదైనా ఒకటే తల్లీ. మనం కిరాయికి తీసుకునేది మనిషిని. ఆ రోజు పొద్దున్నించీ అతను ఏం చేశాడో కనుక్కో."

ఆయన ఎందుకలా అన్నారో నాకు తెలుసు. 1994 పెళ్ళిళ్ళ సీజన్‌లో నాన్న వరసగా రెండు రాత్రులు నిద్ర లేకుండా తిరిగారు. ఒక పెళ్ళి దింపి, ఇంకో పెళ్ళివాళ్ళని అన్నవరం తీసుకెళ్ళి, తిరిగొస్తూ తణుకు దాటాక కన్ను మూతపడింది. కారు రోడ్డు దిగి మట్టిలో ఆగింది. వెనక సీట్లో ముగ్గురు ఆడవాళ్ళు, ఒక పసిపిల్ల. ఎవరికీ గీత కూడా పడలేదు. మర్నాడు నాన్న ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని తినలేకపోయారు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు.

ఈ పనికి నా పద్ధతి ఆ ఫోన్‌తోనే తేలిపోయింది. మనిషి ముందు, బండి తర్వాత.

ఫిబ్రవరి 16

అమ్మాయి కోరిక: పొడవాటి తెల్ల లిమో, లోపల రంగు లైట్లు. జట్టంతా అదే కావాలంటున్నారు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో కూర్చోబెట్టి చెప్పాను.

2013 మే 4 రాత్రి, ఇక్కడే, శాన్ మటేయో–హేవర్డ్ వంతెన మీద ఒక లింకన్ టౌన్ కార్ లిమో అంటుకుంది. లోపల పెళ్ళికూతురు, ఆమె స్నేహితురాళ్ళు, మొత్తం తొమ్మిది మంది. ఆ బండికి అనుమతి ఎనిమిది మందికే. ఐదుగురు చనిపోయారు, పెళ్ళికూతురు కూడా. వెనక సస్పెన్షన్ దెబ్బతిని, చక్రాల్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ బండి అడుగుభాగానికి రాసుకుని నిప్పు పుట్టిందని విచారణలో తేలింది. వెనక నుంచి బయటపడే దారి దొరక్క, డ్రైవరుకీ వెనక సీట్లకీ మధ్య ఉన్న చిన్న కిటికీలోంచి దూరి నలుగురు బతికారు. ఆ తర్వాతే లిమోలకి అత్యవసర ద్వారాలు, మంటలార్పే సిలిండర్లు ఉండాలని కాలిఫోర్నియా చట్టాలు చేసింది. 2018 అక్టోబరులో న్యూయార్క్ రాష్ట్రం స్కోహారీలో బ్రేకులు పోయిన ఇంకో పొడవాటి లిమో ఇరవై మంది ప్రాణాలు తీసింది.

పొడవాటి లిమో అంటే మామూలు కారుని మధ్యకి కోసి, సాగదీసి అతికించింది. టౌన్ కార్ తయారీ 2011లోనే ఆగిపోయింది. అంటే ఇప్పుడు రోడ్డు మీదున్న ప్రతి టౌన్ కార్ లిమోకీ తక్కువలో తక్కువ పద్నాలుగేళ్ళు. చక్కగా చూసుకునే యజమానులు లేరని కాదు. చూసుకుంటున్నారో లేదో తెలుసుకునే నేర్పు నాకు లేదు.

అమ్మాయి అంతా విని, "లైట్లు మాత్రం ఉండాలమ్మా" అంది. సరే అన్నాను.

ఫిబ్రవరి 23

ఈ వారమంతా ఫోన్లు. తొమ్మిది చోట్ల అడిగాను. ప్రామ్‌లూ పెళ్ళిళ్ళూ ఒకే నెలల్లో, అవే శనివారాలు. మే నెల శనివారం అంటే ఎవరూ ఐదారు గంటలకి తక్కువ ఒప్పుకోవడం లేదు.

మాకు సరిపోయేవి రెండే: పద్నాలుగు సీట్ల స్ప్రింటర్ వ్యాన్, లేదా రెండు ఎస్కలేడ్‌లు, అంటే పెద్ద ఎస్‌యూవీలు. రెండు బండ్లంటే జట్టు చీలిపోతుంది. స్ప్రింటర్లలో కూడా రెండు రకాలున్నాయని ఇప్పుడే తెలిసింది. ఒకటి లిమో తరహా: గోడ వారగా సోఫాలు, పక్కకి తిరిగి కూర్చోవాలి, బెల్టు ఉన్నా ఎవరూ పెట్టుకోరు. రెండోది షటిల్ తరహా: అందరూ ముందుకి చూసే సీట్లు, ఒక్కో సీటుకి భుజం మీదుగా వచ్చే బెల్టు. రెండోదే. పైకప్పుకి లైట్లున్నది హేవర్డ్‌లో ఒకచోట దొరికింది. ఫొటో చూసి అమ్మాయి ఒప్పుకుంది.

మార్చి 2

ఒక తప్పు జరిగింది. రాసి పెడుతున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

జట్టులో ఒక పిల్లవాడి తండ్రి, నాకు సాయం చేద్దామనే, గంటకి 110 డాలర్లు అన్న ఒక ఆపరేటరుకి 300 డాలర్ల అడ్వాన్సు జెల్‌లో, అంటే బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకి నేరుగా పంపే పద్ధతిలో, పంపేశారు. మిగతా వాళ్ళంతా 165 నుంచి 190 మధ్య చెబుతున్నారు. నాకు వెంటనే అనుమానం వచ్చింది.

కాలిఫోర్నియాలో ఇలా డ్రైవరుతో బండి అద్దెకిచ్చే ప్రతి సంస్థకీ సీపీయూసీ, అంటే రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్, ఇచ్చిన టీసీపీ నంబరు ఉండాలి. బండి బంపరు మీద కనబడేలా రాయాలి. కమిషన్ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే అనుమతి నడుస్తోందో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. మనం డబ్బు పంపినవాళ్ళ నంబరు కొట్టాను. సస్పెన్షన్‌లో ఉంది.

ఫోన్ చేస్తే వారంలో సరిచేసుకుంటాం అన్నారు. అడ్వాన్సు తిరిగివ్వమంటే రేపు మాపు అని జరిపారు. జెల్‌లో పోయిన డబ్బు బ్యాంకు వెనక్కి తేలేదు. ఆయన చాలా బాధపడ్డారు. ఆ మూడొందలూ పన్నెండు ఇళ్ళూ తలా 25 పంచుకుందామని నేనే అన్నాను, అందరూ ఒప్పుకున్నారు. ఆయన చేసింది పిల్లల కోసమే.

ఇకపై నియమం: ముందు టీసీపీ నంబరు, తర్వాత ఇన్సూరెన్స్ కాగితం, ఆ తర్వాతే డబ్బు. డబ్బు కూడా క్రెడిట్ కార్డు మీదే.

మార్చి 9

హేవర్డ్ వాళ్ళ దగ్గరికి స్వయంగా వెళ్ళాను. బండి చూశాను. ప్రతి బెల్టూ లాగి పెట్టి చూశాను. రెండు బిగుసుకుపోయాయి. అక్కడ ఆఫీసు చూసే ఆవిడ అప్పటికప్పుడు మెకానిక్‌ని పిలిచి చూపించింది. అది నాకు నచ్చింది.

ఇన్సూరెన్స్ కాగితం అడిగితే ఇచ్చింది. ఏడు సీట్ల దాకా బండికి ఏడున్నర లక్షల డాలర్లు, ఎనిమిది నుంచి పదిహేను సీట్లకి పదిహేను లక్షల డాలర్లు కనీస బీమా ఉండాలి. మనది పద్నాలుగు సీట్లు. కాగితం మీద పదిహేను లక్షలు, గడువు తేదీ ప్రామ్ దాటి ఉంది. డ్రైవరుతో కలిపి పది మందికి మించి పట్టే అద్దె బండిని ఇక్కడ బస్సు కింద లెక్కేస్తారు. నడిపే మనిషికి మామూలు లైసెన్సు చాలదు, కమర్షియల్ లైసెన్సూ దాని మీద ప్యాసింజర్ ఎండార్స్‌మెంటూ కావాలి. మా వాళ్ళందరికీ ఉన్నాయంది.

తర్వాత అసలు బేరం. ఆవిడ రెండు దారులు చెప్పింది. ఒకటి, దింపడం ఒక ట్రిప్పు, తీసుకురావడం ఒక ట్రిప్పు, మధ్యలో బండి వేరే కిరాయికి వెళ్తుంది. అన్నీ కలిపి సుమారు 1,160. రెండోది, గంటల లెక్క. సాయంత్రం 5:15 నుంచి రాత్రి 12:15 దాకా ఏడు గంటలు బండి మనదే, డ్రైవరు అక్కడే ఉంటాడు. గంటకి 175 చొప్పున 1,225, దాని మీద ఇరవై శాతం టిప్పు 245, ఇంధనం కింద ఐదు శాతం 61.25, వంతెన టోలు 8. మొత్తం 1,539.25.

మొదటిదాంట్లో పిల్ల ఒక్కొక్కరికి 32 డాలర్లు మిగులుతుంది. అందరి తల్లిదండ్రులూ ముందు అటే మొగ్గారు. నాకూ ఆ డబ్బు ఊరికే రాదు. కానీ ఆ మధ్యలో బండి వెళ్ళేది పెళ్ళికట. పెళ్ళి ఏ గంటకి తెమిలిందని చెప్పగలం? అక్కడ ఆలస్యమైతే పదకొండింటికి పన్నెండు మంది పిల్లలు ఎంబార్కడెరో ఫుట్‌పాత్ మీద నిలబడతారు. ఆలస్యం కాకపోతే, ఆ ఉరుకుల పరుగుల తర్వాత మన పిల్లల్ని నడిపేది ఆ అలసిన చేతులే. తణుకు సంగతి అందరికీ చెప్పాను. ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత గంటల లెక్కకే ఒప్పుకున్నారు.

ఇంకో మెలిక: వీళ్ళు గంటలు గ్యారేజీ నుంచి గ్యారేజీకి లెక్కేస్తారు. మన ఊళ్ళో షెడ్డు నుంచి షెడ్డుకి కిలోమీటర్లు లెక్కేసినట్టే. అలా అయితే ఇంకో గంట పడుతుంది. పిల్లలెక్కిన దగ్గరనుంచే గంట మొదలవ్వాలని అడిగాను. రెండు నెలల ముందే ఖాయం చేస్తున్నాం కదా అని ఆవిడ తగ్గింది.

మార్చి 15

ఒప్పందం కాగితం వచ్చింది. "ఈ బండి లేదా దీనికి సమానమైనది" అని ఉంది. ఆ మాట వదిలేస్తే ఆ రోజు ఏ సోఫా బండో రావచ్చు. కొట్టేయించి, పద్నాలుగు సీట్లు, ముందుకి చూసేవి, ప్రతి సీటుకీ బెల్టు అని రాయించాను. ఇంకో వాక్యం కూడా: ఆ రోజు మధ్యాహ్నం రెండింటిలోపు డ్రైవరుకి వేరే పని వేయకూడదు. ఇలా ఎవరూ అడగలేదంది ఆవిడ. రాసింది.

మద్యం గురించి వాళ్ళే ముందు అడిగారు. అడగాలి, చట్టం అది. 2010లో పార్టీ బస్సులో తాగి దిగిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, ఆ రాత్రే సొంత కారు నడుపుతూ శాన్ మటేయోలో చనిపోయాడు. దాని మీద వచ్చిన చట్టం 2013 నుంచి ఉంది. ఇరవై ఒకటి నిండని వాళ్ళు ఎక్కుతున్నారా, మద్యం ఉంటుందా అని బండివాళ్ళు బుకింగు అప్పుడే అడగాలి. రెండూ అవునైతే ఇరవై ఐదేళ్ళు నిండిన పెద్ద మనిషి ఒకరు బాధ్యత తీసుకుని వెంట ఉండాలి. మాది చుక్క కూడా ఉండదని సంతకం చేశాను. దొరికితే డ్రైవరు బండి ఆపి మాకు ఫోన్ చేయవచ్చని పిల్లలందరి చేతా చదివించాను.

శుభ్రత కింద 250 కార్డు మీద ఆపి ఉంచారు.

ఏప్రిల్ 13

ఒక అమ్మాయి రావట్లేదు. వాళ్ళ అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదట, అందరూ ఇండియా వెళ్తున్నారు. మానేసినవాళ్ళ వాటా తిరిగి ఇవ్వబోమని మొదట్లో అనుకున్నాం. కానీ ఇలాంటి కారణానికి ఆ మాట ఎలా పట్టుకుంటాం? 128.27 పంపేశాను. మిగతా పదకొండు ఇళ్ళకీ తలా 11.66 పెరిగింది.

ఏప్రిల్ 26, శనివారం

ఈ రాత్రి అమ్మాయినీ తోడు తీసుకుని దారంతా ఒకసారి చూసొచ్చాను. అలాగే శనివారం, అదే వేళ. సాయంత్రం ఐదింబావుకి బయల్దేరాం. 880 హైవే మీద వెళ్ళి బే బ్రిడ్జి ఎక్కితే ఓక్లాండ్ దగ్గర నత్తనడక. తిరిగి వచ్చేటప్పుడు 101 హైవే మీదుగా వచ్చి డంబార్టన్ వంతెన దాటాం, హాయిగా ఉంది. వెళ్ళేటప్పుడూ డంబార్టనే మేలనిపించింది. పడమర వైపు వెళ్తేనే టోలు, ఈ రెండు వంతెనలకీ అదే ఎనిమిది డాలర్లు. ఇక్కడి బేస్‌బాల్ జట్టు జెయింట్స్ ఆట ఉన్న రోజు ఆ ఒడ్డంతా కిక్కిరుస్తుంది. మే 10న వాళ్ళు ఊళ్ళో లేరని చూసుకున్నాం.

హాలు ముందు వీధిలో ఆపడానికి లేదు. మలుపు తిరిగితే తెల్ల రంగు వేసిన ఫుట్‌పాత్ అంచు ఉంది. ఈ ఊళ్ళో తెల్ల అంచంటే ఐదు నిమిషాలు ఆగి మనుషుల్ని ఎక్కించుకోవచ్చు. అదే మా చోటు. ఫొటో తీసి పిల్లల గ్రూపులో పెట్టాను.

ఫొటోలకి ప్యాలెస్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్. 1915 అంతర్జాతీయ ప్రదర్శనకి కట్టి, తర్వాత తిరిగి కట్టిన ఆ స్తంభాలు, గుమ్మటం, కొలను, సాయంత్రం వెలుగులో చూడవలసిందే. బేకర్ వీధి వైపు దింపితే నడక తక్కువ. గాలి మాత్రం ఒణికించేసింది. మే నెలలో కూడా అంతే. అమ్మాయిలందరూ శాలువాలు తెచ్చుకోవాలి. నా పెట్టెలో పాత పశ్మీనాలు నాలుగున్నాయి.

మే 8, గురువారం

డ్రైవరు ఎవరో చెప్పారు. ఫోన్‌లో మాట్లాడాను. ఆఫ్ఘన్, యాభై దాటినాయన, ఉండేది ఇక్కడే ఫ్రీమాంట్‌లో, సెంటర్‌విల్ దగ్గర. శనివారం మధ్యాహ్నం దాకా నిద్రపోతానన్నారు. ఎప్పుడు తింటారు అని అడిగితే, పిల్లలు లోపలికి వెళ్ళాక దొరికింది తింటానన్నారు.

మన పెళ్ళిళ్ళలో డ్రైవర్ల పంక్తి ఎప్పుడూ చివరే. నాన్న ఎన్నో రాత్రులు చల్లారిన అన్నం తిన్నారు, కొన్నిసార్లు అదీ లేదు. బత్తా ఇచ్చేవారు, భోజనం మర్చిపోయేవారు. నేను అన్నం కూర డబ్బాలో పెడతాను, మీకు అభ్యంతరమా అని అడిగాను. కారం తగ్గించమన్నారు.

ఒక పేజీ కాగితం తయారు చేశాను: ఎక్కే చోటు, దిగే చోటు, వేళలు, తెల్ల అంచు ఫొటో, పదకొండు పేర్లు, ఇళ్ళ ఫోన్లు. మూడు కాపీలు. ఒకటి డ్రైవరుకి, ఒకటి అమ్మాయికి, ఒకటి ఫ్రిజ్ మీద.

మే 10, శనివారం

బండి 4:55కే వచ్చింది. బంపరు మీద టీసీపీ నంబరు నా కాగితంతో సరిచూశాను. సిలిండర్ ఉంది. వెనక అత్యవసర ద్వారం ఎలా తెరుచుకుంటుందో డ్రైవరుగారు పిల్లలకి చూపించారు, ఒక అబ్బాయి చేత తెరిపించారు కూడా.

పెరట్లో ఫొటోలయ్యాక బయటికొచ్చింది మా అమ్మాయి. ముదురు ఆకుపచ్చ గౌను, మా అమ్మ జుంకాలు. ఈ మూడు నెలలూ బెల్టులూ బీమాలూ చూసిన కళ్ళతో దాన్ని సరిగా చూడనే లేదనిపించింది. బండి మెట్టు మీద గౌను ఎత్తి పట్టుకుని వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. పైకప్పు లైట్లు ఊదా రంగులో వెలిగాయి. లోపలి నుంచి కేకలు. 5:20కి కదిలింది.

6:40 ప్యాలెస్ నుంచి ఫొటో, నాలుగు పశ్మీనాలూ భుజాల మీదే ఉన్నాయి. 7:35 లోపలికి వెళ్ళామని సందేశం. 8:10 డ్రైవరుగారి నుంచి ఖాళీ డబ్బా ఫొటో.

11:04 తెల్ల అంచు దగ్గర పదిమందే ఉన్నారు. ఒక అబ్బాయి ఫోను చార్జింగు అయిపోయింది. డ్రైవరుగారు కదలలేదు, తలలు లెక్కపెట్టి పదకొండు కాందే తలుపు వేయనన్నారు. ఐదు నిమిషాలు దాటడంతో వీధి చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు. అబ్బాయి కోట్లు దాచే గది వరసలో దొరికాడు. 11:21కి బయల్దేరారు.

12:24కి మా వీధి మలుపులో లైట్లు కనిపించాయి. ఒప్పందం 12:15 దాకానే, పావుగంట వెసులుబాటు ఉంది కాబట్టి అదనం పడలేదు. సగం మంది పిల్లలు బెల్టుల్లోనే నిద్రపోయారు. డ్రైవరుగారికి విడిగా ఓ కవరు ఇచ్చాను. డబ్బా కడిగి తిరిగిచ్చారు.

అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికొచ్చి, సోమవారం పొద్దున్నే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాలిక్యులస్ పరీక్ష ఉంది, రేపు పదింటికి లేపమ్మా అని పడుకుండిపోయింది.

తెనాలిలో మధ్యాహ్నం. నాన్న ఫోన్ కోసమే కూర్చున్నారని మొదటి రింగుకే ఎత్తడంతో తెలిసింది. వచ్చేసింది నాన్నా, అందరూ వచ్చేశారు అన్నాను.

"అతను ఇంటికి చేరాడా?"

అది నా కాగితంలో లేదు. బండిని హేవర్డ్‌లో పెట్టి, మళ్ళీ తన కారులో ఫ్రీమాంట్ రావాలి ఆయన. వెంటనే సందేశం పెట్టాను. నాన్న ఫోన్ పెట్టేయలేదు. ఊళ్ళో ఎండల గురించీ, మనవరాలి గౌను రంగు గురించీ మాట్లాడుతూ లైన్లోనే ఉన్నారు.

1:47కి జవాబొచ్చింది. ఇంటికి చేరాను, కూర బాగుంది అని.